స్కెచ్ పుస్తకంతో బయలుదేరే ముందు జాగ్రత్తలు

పుస్తకం కొనేటప్పుడే కాగితం మందం చూసుకోవాలి. పెన్సిలుకు 100 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) సరిపోతుంది గాని, నీటిరంగులు వేయదలచినవారు 300 జీఎస్‌ఎం తీసుకోవడం మేలు; పలుచని కాగితం తడి తగలగానే ముడతలు పడి, రంగు ఆ గుంటల్లో నిలిచిపోతుంది.

పెన్సిళ్లు మధ్యరకం హెచ్‌బీ ఒకటి, మెత్తగా, నల్లగా గీసే 4బీ ఒకటి చాలు. 4బీ గీతలు అరచేతికి అంటుకుని ఎదుటి పేజీని కూడా నల్లబరుస్తాయి కనుక, గీసేటప్పుడు చేతి కింద ఒక తెల్లకాగితం ముక్క తప్పక ఉంచుకోవాలి.

విమాన ప్రయాణమైతే పెన్సిలు చెక్కే బ్లేడును చేతిసంచిలో పెట్టకూడదు. సిరా పెన్నును నిబ్బు పైకి ఉండేలా నిలబెట్టాలి. విమానం పైకి వెళ్లేకొద్దీ క్యాబిన్‌లో పీడనం తగ్గి, పెన్నులోని గాలి వ్యాకోచించి సిరాను బయటకు నెడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది స్థలం ఎంపిక. విశాఖపట్నం వంటి నౌకాదళ స్థావరమున్న ఊళ్లో సముద్రతీరమంతా గీయదగినదే అనిపించవచ్చు గాని, 1923 నాటి అధికార రహస్యాల చట్టం నిషిద్ధ ప్రదేశాల విషయంలో స్కెచ్‌లను కూడా పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. కాబట్టి హెచ్చరిక బోర్డు కనిపించిన చోట పుస్తకం తెరవకూడదు. అక్కడి చెట్టును మాత్రమే గీస్తున్నామన్న సమాధానం కాపలావారికి రుచించదు.

ఇంటి పెరట్లో జామచెట్టును గీయడానికి ఇంత హంగామా అక్కరలేదు. అయితే ఎండ ఆగదు కనుక ముందుగా నీడల అంచులను లేతగా గుర్తించి, మూలన సమయం రాసుకోవాలి; కూర్చునే ముందు చెట్టు మొదట్లో గండుచీమలు ఉన్నాయేమో చూసుకోవాలి.