సగంలో ఆగిన ఇల్లు చవగ్గా వస్తోందా? ముందు పని ఎందుకు ఆగిందో కనుక్కోండి

కర్నూలు పాతబస్తీలో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. ముందు గది పగలగొట్టి, పైన కడ్డీలు అలాగే వదిలేసి, ఇసుక కుప్ప మీద గడ్డి మొలిచిన ఇళ్లు. నాలుగు నెలల్లో పూర్తి చేసి అమ్మేద్దాం అనిపిస్తుంది. ధర మాట్లాడే ముందు పని ఎందుకు ఆగిందో అడగండి, అదీ ఓనర్‌ని కాదు, అక్కడ పనిచేసిన బేల్దారిని. ఓనర్ ఎటూ "డబ్బులు సర్దుబాటు కాలేదు" అనే అంటాడు.

సమస్య: తలుపు మూల నుంచి ఏటవాలుగా పగులు

నల్లరేగడి నేలైతే వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, పునాది లోతు చాలకపోతే గోడ కూడా దాంతోపాటే కదులుతుంది. ఇంకో కారణం, హాలు పెద్దగా కావాలని మధ్య గోడ తీసేయడం. పాత ఇళ్లలో పిల్లర్లు ఎక్కడివి, బరువంతా మట్టితో కట్టిన ఆ రాతిగోడే మోస్తుంది. నేను చూసిన ఒక ఇంట్లో గోడ ఉండాల్సిన చోట రెండు సర్వి కట్టెలు పోటు పెట్టి, ఎత్తు చాలక వాటి కింద ఇటుకలు దూర్చారు. "సెంట్రింగ్ ఇంకా విప్పలేదు" అన్నాడు ఓనర్, అంటే కొత్త స్లాబు గట్టిపడేదాకా కింద పెట్టే పోట్లన్నమాట. తలెత్తి చూస్తే కొత్త స్లాబే లేదు, దూలాల మీద బండలు పరిచిన పాత మిద్దె!

పరిష్కారం: పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క సిమెంటుతో అతికించి పక్కన తేదీ రాయండి. కొన్నాళ్లకు అది పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. గోడ తీసేసి ఉంటే మాత్రం ఆగొద్దు, వెంటనే ఇంజనీర్‌ని పిలవండి. బీము, దాని కింద సపోర్టు, పునాది ఖర్చంతా ధరలో తగ్గించి అడగండి.

సమస్య: గోడ అడుగున తెల్లగా ఉప్పు

నేలలోంచి ఎక్కే చెమ్మ. ఆ మరక మరీ ఎత్తుగా ఉంటే 2009 అక్టోబరు వరదలో అక్కడ నీళ్లు ఎంతవరకు నిలిచాయో పక్కింటివాళ్లను అడగండి. పుట్టీ కొట్టి కప్పితే మళ్లీ ఊడుతుంది, ప్లాస్టరింగ్ గీకి గోడ బాగా ఆరనివ్వాలి.

సమస్య: కడ్డీలకు తుప్పు

పైపైన ఎర్రగా ఉంటే వైర్ బ్రష్ చాలు. పొరలుగా రాలి సన్నబడితే కోసేసి కొత్తది అతకాలి, 12 ఎంఎం కడ్డీకి సుమారు 2 అడుగుల అతుకు దొరకాలి, అంటే పాతదీ కొత్తదీ అంతమేర పక్కపక్కన కలవాలి.

సమస్య: అంతా బాగుంది, అయినా మరీ చవక

కాగితాలు చూడండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి, అన్నదమ్ముల నోటిమాట పంపకాలు అందులో కనిపించవు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. పెద్దల ఆస్తి అయితే అక్కాచెల్లెళ్లతో సహా అందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు కుదరదన్నా వదిలేయండి, దీనికి రిపేరు లేదు.

ఇక నాలుగు నెలల లెక్క. రిజిస్ట్రేషన్‌కే సుమారు 7.5 శాతం పోతుంది. 24 నెలల లోపు అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఆ సర్వి కట్టెల ఇంటికి ఇవన్నీ వేసి చూసుకుని, అడ్వాన్స్ జేబులోనే పెట్టుకుని వచ్చేశాను.