క్యాప్ పెట్టుకున్నా చెవి ఎండలోనే ఉంటుంది

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో నేను పనిచేసే స్కిన్ క్లినిక్‌కి గత వారం ఒక పెద్దాయన వచ్చారు. నాలుగేళ్ల కిందట ముక్కు మీద బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ తీయించుకున్నారు. అప్పటి నుంచి క్యాప్ లేకుండా గడప దాటలేదట. ఈసారి కుడి చెవి పైఅంచున స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్. చెవి మీద వచ్చే ఈ రకం మెడలోని లింఫ్ గ్రంథులకు పాకే ముప్పు మిగతా చోట్ల కంటే ఎక్కువ. చెవిలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. ‘టోపీ పెట్టుకుంటూనే ఉన్నాను కదా’ అని ఆయన అడుగుతుంటే నాకు గుండె తరుక్కుపోయింది.

ఎండాకాలం వచ్చేస్తోంది. మీ ఇంట్లోనో, పనిచేసే చోటో ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చిన మగవాళ్లుంటే ఈ మాటలు చెప్పండి. సన్‌స్క్రీన్ రాసుకోమని 1981 నుంచి ఈ దేశంలో టీవీలు చెబుతూనే ఉన్నాయి, అది మళ్లీ చెప్పను. నేను చెప్పేది క్యాప్ గురించి.

క్యాప్ నీడ నుదుటికీ ముక్కుకీ చాలుతుందేమో. చెవులు, మెడ వెనక భాగం, దవడలు ఎండలోనే ఉంటాయి. ఆడవాళ్లకు చాలామందికి చెవులను జుట్టు కప్పుతుంది, మగవాళ్లకు ఆ అడ్డు ఉండదు. పైగా ఆపరేషన్‌తో పోయేది ఆ ఒక్క మచ్చే. ఏళ్ల తరబడి ఎండకు దెబ్బతిన్న మిగతా చర్మం అలాగే ఉంటుంది. అందుకే ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

చుట్టూ కనీసం 7.5 సెంటీమీటర్ల అంచున్న టోపీ కొనండి. క్యాప్ కాదు.

వేడిని బట్టి లెక్క వేయొద్దు, ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచిక చూడండి. 3కి చేరితే జాగ్రత్త మొదలవ్వాలి. బ్రిస్బేన్‌లో చలికాలం మధ్యాహ్నం కూడా 3 దాటుతుంది.

ముఖం, మెడ, చెవులకు కలిపి ఒక టీస్పూను సన్‌స్క్రీన్. బయటికి వెళ్లే 20 నిమిషాల ముందు. రెండు గంటలకోసారి మళ్లీ. చెవి వెనక కూడా. బట్టతలకూ రాయాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మబ్బు పట్టిందని మానొద్దు. గడ్డి కోసే పది నిమిషాలకూ ఇదే నియమం. మానని పుండు, పొక్కు కట్టి రాలి మళ్లీ కట్టే చోటు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి. చెకప్ తేదీ దాటనివ్వొద్దు. చెవి వెనక మీకు కనిపించదు, ఇంట్లోవాళ్లను చూడమనండి.

కారులో పడి ఉన్న ఆ క్యాప్ ఈరోజే తీసేయండి.