డ్రిప్పు ఉన్నా సాలు చివర పత్తి వాడిపోతుందా? ఇట్ల చూసుకోండి

మోటరు నడుస్తది, సాలు మొదట్ల చెట్లు పచ్చగ ఉంటయి, చివరకు పోతే ఆకులు వాలిపోయి ఉంటయి. మా ఆదిలాబాద్ జిల్లా బేల, జైనథ్ దిక్కు చాలామంది దీనికి చేసేది ఒక్కటే, ఇంకో రెండు గంటలు ఎక్కువ నడుపుడు. దాంతో మొదట్ల బురదైతది, చివర అట్లనే ఎండుతది, బోరు నీళ్లు మాత్రం ఒడిసిపోతయి.

ముందుగాల ఫిల్టర్ విప్పండి అన్నా. ఎవరడిగినా నేను చెప్పేది ఇదే, అయినా విప్పకుండనే కొత్త పైపులకు పోతరు. ఫిల్టర్ ముందు, వెనక ప్రెషర్ గేజీల తేడా అర కిలో (చదరపు సెంటీమీటరుకు) దాటిందంటే జాలి కడగాల్సిందే. తర్వాత సన్న పైపుల చివరలు విప్పి తేటనీళ్లు వచ్చేదాక వదలండి.

అయినా తగ్గకపోతే డ్రిప్పర్ కింద గిన్నె పెట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే 15 నిమిషాలకు లీటరు రావాలె. అన్నీ తక్కువొస్తే ప్రెషర్ లేదు. ఒకటి పారి పక్కది పారకపోతే లోపల పూడుకుంది.

ఈ పూడుకునుడే అసలు మోసం, ఎందుకంటే ఫిల్టర్ శుభ్రంగనే ఉంటది, నీళ్లు తేటగనే కనిపిస్తయి. కారణం మందు, అంటే డ్రిప్పుల ఇచ్చే ఎరువు. కాల్షియం నైట్రేట్, 12-61-0 (భాస్వరం ఎక్కువున్న నీళ్లల్ల కరిగే ఎరువు) ఒకే డ్రమ్ముల కలిపితే రెండూ కలిసి గట్టి తెల్లపొడి అయితది, అది ఫిల్టర్ దాటినంక పైపులనే పేరుకుంటది. విడిగ ఇచ్చినా, బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువుంటే (కాగే గిన్నెకు తెల్లపొర కడితే ఉన్నట్టే) 12-61-0 ఇచ్చి వెంటనే మోటరు బంద్ చేస్తే రాత్రంతా పైపుల నిలిచి అదే పని అయితది. అందుకే మందు అయిపోయినంక కనీసం అరగంట ఉత్త నీళ్లు పారించాలె. కొత్త మందు వాడేముందు మీ బోరు నీళ్లతోనే గాజు గ్లాసుల కలిపి రెండు గంటలు చూడండి, మబ్బుగ అయితే డ్రిప్పుల పోయొద్దు.

ఇప్పటికే పూడుకుంటే యాసిడ్ పట్టాలె. బకెట్ నీళ్లల్ల హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగ పోసుకుంట పీహెచ్ కాగితం (నీళ్ల పులుపు చూపేది) 4 చూపించేదాక లెక్క తీసుకొని, అదే లెక్కన వెంచురీతో (మందును పైపులకు గుంజేది) ఎక్కించి, రాత్రంతా ఆపి, పొద్దున చివరలు విప్పి కడగండి. యాసిడ్‌నే నీళ్లల్ల పోయాలె, నీళ్లు యాసిడ్‌ల పోయొద్దు. చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు ఉండాలె. బ్లీచింగ్ పౌడర్ దగ్గర్ల కూడా ఉండొద్దు, కలిస్తే విషవాయువు లేస్తది.

ఎలుకలు కొరికినయి, లైను మరీ పొడుగైంది అనేవి కూడా ఉంటయి గని తక్కువ, లైను వెంబడి నడిస్తే తెలుస్తయి.