చెన్నై డిసెంబరు కచేరీలకు కొత్తగా వెళ్ళే తెలుగువారికి

ఉద్యోగం కోసమో చదువు కోసమో చెన్నైకి వచ్చి స్థిరపడిన తెలుగువారిలో చాలామంది డిసెంబరు నెలలో మైలాపూరు వైపు ఆటోలు దొరకడం కష్టమవుతుందని గమనిస్తారు గాని, ఆ రద్దీకి కారణమైన కర్ణాటక సంగీత కచేరీల్లో తమకు తెలిసిన తెలుగు భాషే గంటల తరబడి వినిపిస్తుందన్న సంగతిని పట్టించుకోరు. రాగాల పేర్లు తెలియనివారికి అక్కడ పనేముందన్న బెరుకు దీనికి ముఖ్య కారణం. నిజానికి సాహిత్యం అర్థం కావడమనే సౌకర్యం ఆ సభలో (కచేరీలు ఏర్పాటుచేసే సంస్థనూ దాని హాలునూ ఇక్కడ సభ అంటారు) కూర్చున్న ఎందరో పాత రసికులకు కూడా లేదు. అది మనకు పుట్టుకతో వచ్చింది. కనుక కొత్తగా వెళ్ళేవారు పేరున్న విద్వాంసుల సాయంత్రపు కచేరీకి ఖరీదైన టికెట్టు కొని ప్రారంభించవలసిన అవసరం లేదు. ఒక మధ్యాహ్నం, ఒక చిన్న సభ, ఆ సభకు ఆనుకొని ఉన్న క్యాంటీను, ఈ మూడింటితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఈ డిసెంబరు సంగీతోత్సవానికి పునాది 1927 డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభతో పాటు ఏర్పాటైన సంగీత సమ్మేళనంలో పడింది. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. అంతకు ముందు నుంచే నగరంలో సభలు ఉన్నాయి. తిరువల్లిక్కేణిలోని పార్థసారథిస్వామి సభ 1900లో మొదలైనది. నేడు అకాడమీతో పాటు నారద గాన సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్, టి.నగర్‌లోని కృష్ణ గాన సభ, వాణీ మహల్, మైలాపూరులోని భారతీయ విద్యాభవన్ వంటి ఎన్నో వేదికల మీద ఒకేసారి కచేరీలు సాగుతాయి. తమిళుల మార్గళి నెల మన ధనుర్మాసమే కాబట్టి డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు అని గుర్తుంచుకుంటే చాలు. అయితే అసలు ఉధృతి డిసెంబరు 15 నుంచి జనవరి 1 వరకే ఉంటుంది.

చాలా సభలలో రోజుకు మూడు నాలుగు కచేరీలు ఉంటాయి. మధ్యాహ్నం వేళ యువ కళాకారులకు, సాయంత్రం ఆరు దాటాక పేరు స్థిరపడినవారికి అవకాశం ఇస్తారు. మధ్యాహ్నపు కచేరీలలో చాలావాటికి ప్రవేశం ఉచితం, సాయంత్రపు వాటికి టికెట్టు అవసరం. ఇది తక్కువ రకం, అది ఎక్కువ రకం అనుకోవడం పొరపాటు. మధ్యాహ్నం పాడే యువకుడు తనకు దొరికిన గంటన్నరలో సంవత్సరమంతా చేసిన సాధనను చూపించాలన్న పట్టుదలతో ఉంటాడు. హాలు సగం ఖాళీగా ఉంటుంది కనుక మనం ముందు వరుసలో కూర్చుని వేదిక మీది వారు ఒకరికొకరు చేసే సైగలను కూడా చూడవచ్చు. ఏ రోజు ఎక్కడ ఎవరు పాడుతున్నారో తెలుసుకోవడానికి సభల వెబ్‌సైట్లు, నగర దినపత్రికలు, సభ గేటు దగ్గర కట్టిన బ్యానర్లు చాలు. సాయంత్రపు టికెట్లలో ముందు సీజన్ పాసులు అమ్ముడవుతాయి, మిగిలినవి రోజువారీగా ఇస్తారు. పేరున్నవారి కచేరీకి కౌంటరు తెరిచే వేళకు వెళ్ళడం మంచిది.

హాలులో కూర్చున్న తరువాత కచేరీ నడక తెలిస్తే విసుగు రాదు. సాధారణంగా వర్ణంతో గాని చిన్న కృతితో గాని ఆరంభమై, రెండు మూడు కృతుల తరువాత ప్రధానమైన రాగం వస్తుంది. తోడి, కల్యాణి, భైరవి, కాంభోజి, శంకరాభరణం వంటి పెద్ద రాగాలలో ఒకదాన్ని గాయకుడు తీరికగా ఆలాపించి, వయొలిన్‌కు వదిలి, ఆపై కృతిని అందుకొని, అందులో ఒక పంక్తిని పట్టుకొని రకరకాలుగా తిప్పి పాడుతూ నెరవు చేసి, అప్పటికప్పుడు అల్లుకునే కల్పన స్వరాలు వేస్తాడు. కొత్త శ్రోతకు పట్టు దొరికేది ఈ నెరవు దగ్గరే, ఎందుకంటే ఒకే వాక్యం ఇరవై సార్లు వినబడినప్పుడు దాని అర్థమూ రాగమూ కలిసి మనసులో నాటుకుంటాయి. పక్కన కూర్చున్న పెద్దాయన తొడ మీద వేసే తాళాన్ని గమనిస్తూ మనమూ నెమ్మదిగా వేళ్ళు కదపవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

తరువాత మృదంగం, ఘటం వంటి వాటికి తని ఆవర్తనం, అంటే గాయకుడు ఆగి అవి మాత్రమే వాయించే భాగం, ఇస్తారు. ఆ సమయంలో కొందరు లేచి కాఫీకి పోవడం ఇక్కడ పాత అలవాటు. మృదంగ విద్వాంసులు దాన్ని ఎన్నేళ్ళుగా సహిస్తున్నారో గాని, ఇది నేర్చుకోదగిన అలవాటు కాదు. బయటికి వెళ్ళక తప్పకపోతే పాటకూ పాటకూ మధ్య విరామంలో వెళ్ళాలి. ఫోన్ మోగకూడదు, అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. త్యాగరాజస్వామి సౌరాష్ట్ర రాగంలో రచించిన ‘నీ నామ రూపములకు నిత్య జయ మంగళం’ అన్న పాట మొదలైతే కచేరీ ముగిసిందని అర్థం. అది పూర్తయ్యేవరకు కూర్చోవడం మర్యాద. ఎయిర్ కండిషనింగ్ గట్టిగా ఉండే హాళ్ళు ఉన్నాయి కనుక పలుచని శాలువా వెంట ఉంచుకోవాలి.

ఇక క్యాంటీను సంగతి. సభ క్యాంటీనులో తినడానికి చాలాచోట్ల కచేరీ టికెట్టు అక్కరలేదు, ఆకలి ఉంటే చాలు. పేరుపడ్డ వంటవారు ఈ కొద్ది వారాల కోసం సభ ప్రాంగణంలో పందిరి వేసుకొని దిగుతారు. ఏ వంటవారు ఏ సభలో ఉన్నారన్నది నగరంలో కచేరీల కంటే ముందుగా చర్చకు వచ్చే విషయం. మధ్యాహ్నం అరటి ఆకులో భోజనం, సాయంత్రం టిఫిన్లు ఉంటాయి. మన అలవాటు ప్రకారం ముందు పప్పూ నెయ్యీ, తరువాత పచ్చడి అని ఎదురుచూస్తే నిరాశ తప్పదు. ఇక్కడి వరుసలో సాంబారు గాని వత్తకుళంబు (ఎండబెట్టిన కాయలతో చేసే చింతపండు పులుసు) గాని ముందు వస్తుంది, పిమ్మట రసం, చివర మజ్జిగ లేదా పెరుగు. పక్కన కూట్టు (పప్పు వేసి ఉడికించిన కూర), పొరియల్ (పొడికూర), అప్పడం ఉంటాయి. సాంబారు అన్నంతో కడుపు నింపుకోకుండా రసానికి చోటు ఉంచుకోవాలని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మిరియాలూ జీలకర్రా దంచి వేసిన ఆ రసాన్ని రెండోసారి అడిగి వడ్డించుకోవడంలోనే ఆ భోజనం సార్థకమవుతుంది. సాయంత్రం వెళితే అడై, దానికి తోడు అవియల్ (కొబ్బరి వేసి చేసే కలగూర) తీసుకోండి. అడై మన పెసరట్టుకు దగ్గరి చుట్టమే గాని, బియ్యంతో పాటు నాలుగైదు రకాల పప్పులు కలిపి బరకగా రుబ్బి వేస్తారు. అరటి పువ్వుతో చేసే వడ, బూడిదగుమ్మడికాయతో చేసే కాశీ హల్వా, బెల్లమూ పాలూ పోసి ఉడికించిన అక్కారవడిసల్ దొరికిన రోజున వదలకండి. కాఫీలో చక్కెర ముందే కలుపుతారు; తక్కువ కావాలంటే ‘సక్కరై కమ్మి’ అని ఆర్డరు చెప్పేటప్పుడే అనాలి. కచేరీ ముగిసిన వెంటనే క్యాంటీను కిటకిటలాడుతుంది కనుక అంతకు అరగంట ముందో, తరువాతి కచేరీ మొదలైనాకో వెళ్ళడం తెలివైన పని.

ఆ బల్లల దగ్గర మాటలు కలుస్తాయి. అప్పుడు ‘ఈ పాటలన్నీ మా తెలుగువే కదా’ అన్న మాట తొందరపడి అనకూడదని నా సలహా. కచేరీలలో తమిళ పాటలకు తగిన చోటు లేదన్న ఆవేదనతో 1940లలో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది; రాజా అన్నామలై చెట్టియార్ చొరవతో 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది; రాజాజీ, కల్కి కృష్ణమూర్తి వంటివారు దానిని బలపరిచారు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. అదే సమయంలో తంజావూరు సీమలో పుట్టి తెలుగులో రాసిన త్యాగరాజును తమ ఇంటివాడిగా శతాబ్దిన్నరకు పైగా పాడి నిలిపింది ఎక్కువగా తమిళ గాయకులేనన్నది మరువరాని విషయం. భాష పేరిట నగరం పడిన పెనుగులాట ఇంకా లోతైనది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 వరకు పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేసి ప్రాణాలు విడిచింది మైలాపూరులోని బులుసు సాంబమూర్తి గారి ఇంట్లోనే. రాయపేట హైరోడ్డు మీద ఆ చోట ఉన్న స్మారకాన్ని, అకాడమీకి వెళ్ళే రోజున కొంచెం ముందుగా బయలుదేరి చూడవచ్చు.

తెల్లవారుజామున లేవగలిగినవారు కపాలీశ్వరాలయం చుట్టూ ఉన్న మాడవీధుల్లో మార్గళి భజన వినాలి. తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఎన్నో ఏళ్ళు నడిపిన సంప్రదాయం అది. అటు నుంచి అకాడమీకి వెళితే ఉదయం ఎనిమిది ప్రాంతంలో సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి, వాటికి రుసుము లేదు. ఎక్కువగా ఇంగ్లీషులో సాగినా నెమ్మదిగా వింటే శాస్త్రం కొంత ఒంటబడుతుంది.

మైలాపూరు సభలకు తిరుమయిలై స్టేషను వరకు ఎమ్మార్టీఎస్ రైలు, టి.నగర్ సభలకు మాంబళం వరకు లోకల్ రైలు ఉపయోగపడతాయి. మైలాపూరులోని లజ్ కూడలి చుట్టూ మెట్రో తవ్వకాల వల్ల దారులు మారుతుంటాయి కనుక కారు తీసుకువెళ్ళకపోవడమే సుఖం. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులోనూ పూర్తిగా తొలగవు కాబట్టి గొడుగు సంచిలో ఉండాలి. రాత్రి కచేరీ తొమ్మిది దాటాక ముగిస్తే గేటు దగ్గర ఆటోల బేరం మొదలవుతుంది. ఆ బేరానికి దిగకుండా వంద గజాలు నడిచి పెద్ద రోడ్డు మీద ఎక్కితే ఛార్జీ దిగివస్తుంది.