బురద కోర్సులో డిస్క్ గోల్ఫ్

డిస్క్ గోల్ఫ్ అంటే ప్లాస్టిక్ డిస్క్‌ని విసురుతూ తక్కువ విసుర్లలో బుట్టలో వేసే ఆట. అమెరికాలోని అయోవాలో మా చిన్న ఊరి కోర్సు (ఆడే మైదానం) వాగు పక్క పల్లంలో ఉంది. వాన వెలిసినా నీళ్లు ఒక పట్టాన కదలవు. అయినా ఆడొచ్చు.

తువ్వాళ్లు రెండు తెచ్చుకోండి, ఒకటి బురదకి, ఒకటి చేతికి. రెండోది జిప్ సంచిలో దాచాలి. మెరిసే ఖరీదు ప్లాస్టిక్ తడిలో జారుతుంది, చవక రకం గరుకు డిస్కే నయం. టీ ప్యాడ్ (మొదటి విసురు వేసే చోటు) మీద పరుగు వద్దు, నిలబడే విసరండి. దూరం తగ్గితే తగ్గనీ, మోకాలు మిగులుతుంది.

డిస్క్ మడుగులో పడిందా? ఆ నీటిని ఆట హద్దు బయటిదిగా, అంటే అవుట్ ఆఫ్ బౌండ్స్‌గా ప్రకటించకపోతే, బుట్ట నుంచి డిస్క్ మీదుగా ఒక గీత ఊహించుకుని, దాని మీదే వెనక్కి వచ్చి, మొదట దొరికిన పొడి చోటు నుంచి వేయండి. పెనాల్టీ లేదు. పక్కకి జరగడం మాత్రం కుదరదు (మావాళ్ల గొడవంతా ఇక్కడే).

ఏడో బుట్ట దగ్గర గడ్డి చితికిపోయింది, చుట్టూ తిరిగి వెళ్లండి.