జర్మనీ వెళ్ళేముందు: తెలిసినట్టే ఉండి దెబ్బకొట్టే మాటలతో జాగ్రత్త

అక్టోబర్ 1న జర్మనీ యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ మొదలవుతుంది. అంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మన ఇళ్ళల్లో సూట్‌కేసులు తూకం వేయడం, ఆవకాయ డబ్బాలకు నాలుగేసి కవర్లు చుట్టడం మొదలవుతుంది. మన సర్టిఫికెట్లు అసలైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కీ, ఖర్చుల డబ్బు ముందే వేసిపెట్టే బ్లాక్డ్ అకౌంట్‌కీ, ఇన్సూరెన్సుకీ చెక్‌లిస్టులు బోలెడు దొరుకుతాయి. భాష దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 అయిపోయింది, మిగతాది ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేస్తాలే’ అంటారు. దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. బొత్తిగా తెలియని జర్మన్ మాట కనబడితే ఎవరైనా ఫోన్ తీసి చూస్తారు. ఇంగ్లీషులో రోజూ వాడే మాట అవే అక్షరాలతో గోడమీద కనబడితే ఎవరూ చూడరు. తెలుసనుకుని ముందుకెళ్ళిపోతారు.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ అన్నీ జర్మానిక్ కుటుంబానివే. మాట ఒకటే, ఇల్లు మారేకొద్దీ అర్థం మారింది. హిందీవాళ్ళకు శిక్షా అంటే చదువు, మనకు శిక్ష అంటే దండన. అక్కడ మనం నవ్వుకుని ఊరుకుంటాం. జర్మనీలో ఇలాంటి మాటలు అద్దె కాగితంలోనూ, ఆస్పత్రి బోర్డుమీదా, మందు డబ్బామీదా ఉంటాయి కాబట్టి బయలుదేరేముందే ఓసారి చూసుకోవడం మంచిది.

ప్రాణం మీదకొచ్చేవి ముందు

జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. ఎలుకల మందు రాటెన్‌గిఫ్ట్. బాత్రూమ్ క్లీనర్ డబ్బామీదో, గార్డెన్ మందు సీసామీదో గిఫ్టిగ్ అని ఉంటే అది ఉచిత బహుమతి ఆఫర్ కాదు, విషపూరితం అన్న హెచ్చరిక. ఈ మాట కూడా పుట్టింది ‘ఇవ్వడం’ అనే అర్థంలోనే. గ్రీకులో మందు మోతాదును ‘ఇచ్చినది’ అనేవారు, మనం ఇప్పుడు డోస్ అంటున్నదీ ఆ మాటే. దాని ప్రభావంతో జర్మన్‌లో ‘ఇచ్చినది’ కాస్తా మెల్లగా ‘విషం’ అయింది. పాత అర్థం మిట్‌గిఫ్ట్ అనే మాటలో ఇంకా బతికుంది. దాని అర్థం కట్నం! స్వీడన్‌లో గిఫ్ట్ అంటే విషమే కాదు, పెళ్ళయినవాడు, పెళ్ళయినది అని కూడా. పిల్లనిచ్చిన మామ అనే మాట రోజూ వాడే మనకు ఇవ్వడం నుంచి పెళ్ళి ఎలా వచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. డచ్‌వాళ్ళు విషాన్ని గిఫ్ అంటారు, బహుమతిని గిఫ్ట్‌గానే ఉంచుకున్నారు.

రెండోది నోట్. రాతలో ఇది అచ్చం ఇంగ్లీషులో ‘కాదు’ అనే నాట్. జర్మన్‌లో అర్థం ఆపద, అత్యవసరం. ఇంగ్లీషు నీడ్‌కు ఇది తోబుట్టువు. హాస్టల్ వరండాలో నోట్‌ఔస్‌గాంగ్ అనే బోర్డు చూసి ‘ఇది దారి కాదు కాబోలు’ అనుకుంటే కొంప మునిగినట్టే. అది ఎమర్జెన్సీ ఎగ్జిట్. నోట్‌ఔఫ్‌నామె అంటే ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు. నోట్‌రూఫ్ అంటే అత్యవసర ఫోన్ కాల్. ఇప్పుడు రెండూ కలిపి చదవండి: గిఫ్ట్‌నోట్‌రూఫ్. ఇంగ్లీషు కళ్ళకు ఇది ‘బహుమతి కాదు’ అనే ఏదో మాట. నిజానికి ఎవరైనా విషపదార్థం మింగితే చేయాల్సిన ఫోన్. బెర్లిన్‌లో ఆ నంబర్ 030 19240. చాలా రాష్ట్రాలకు వేరే నంబర్లున్నాయి, మీరు వెళ్ళే ఊరికి ఏది పనిచేస్తుందో చూసి ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ప్రాణాపాయానికి 112. ప్రాణం మీదకు రాలేదు కానీ రాత్రిపూటో, ఆదివారమో డాక్టర్ కావాలంటే 116117.

లిఫ్టు పక్కన ‘ఇమ్ బ్రాండ్‌ఫాల్’ అని మొదలయ్యే నోటీసు కూడా చూస్తారు. బ్రాండ్ అంటే మంట, అగ్నిప్రమాదం. అలాంటప్పుడు లిఫ్టు వాడొద్దని చెబుతున్నారు.

మందుల విషయంలో ఇంకో రెండు మాటలు. రెట్సెప్ట్ అంటే డాక్టర్ రాసే చీటీ, వంట విధానం కూడా అదే. కొన్నదానికి బిల్లు కావాలంటే క్విటుంగ్ అనాలి. డ్రోగెరీ పేరు చూసి అది మెడికల్ షాపనుకుంటారు. అక్కడ సబ్బులు, షాంపూలు, విటమిన్ బిళ్ళలు దొరుకుతాయి గానీ పారాసెటమాల్ దొరకదు, దానికి ఆపోటెకేకి వెళ్ళాలి. జ్వరం ఒళ్ళు కాల్చేస్తుంటే చలిలో రెండు షాపులు తిరగడం ఎందుకు?

అద్దె కాగితం, జీతం చీటీ

వెళ్ళిన మొదటి నెలలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇల్లే. త్సిమ్మర్ ఫ్రై అంటే గది ఖాళీగా ఉందని, ఫ్రీగా ఇస్తారని కాదు. ఒప్పందంలో కౌత్సియోన్ అని ఉంటుంది. అది జాగ్రత్త అని చెప్పే హెచ్చరిక కాదు, మనం అడ్వాన్స్ అనే డిపాజిట్. చట్టం ప్రకారం అది హీటింగ్, నీళ్ళలాంటి అదనపు ఖర్చులు కలపని నెల అద్దెకు మూడు రెట్లు దాటకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ప్రోవిజియోన్ అంటే సామాన్లు కావు, బ్రోకర్ కమీషన్. బ్రోకర్‌ని పెట్టుకున్నవాళ్ళే అది కట్టాలని 2015 నుంచి చట్టముంది, కాబట్టి ఓనరు పెట్టుకున్న బ్రోకరు మిమ్మల్ని అడిగితే ఒప్పుకోకండి.

ఇక రెంటె. ఇది చూడగానే అద్దె అనిపిస్తుంది. అద్దెకు జర్మన్ మాట మీటె. రెంటె అంటే పెన్షన్. చదువుతూ పార్ట్‌టైమ్ చేసే వెర్క్‌ష్టూడెంట్‌కి మొదటి నెల జీతం చీటీ వస్తుంది. అందులో రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్ అనే పొడుగాటి పేరుతో 9.3 శాతం కోత ఉంటుంది. కొన్నిచోట్ల ఆర్‌వీ అని పొడి అక్షరాలే వేస్తారు. ‘నా అద్దె కంపెనీ కడుతోందా, ఇంటికేదో ఇన్సూరెన్సా’ అని బుర్ర పాడుచేసుకోకండి. అది పెన్షన్ ఫండుకి మీ వాటా, మరో 9.3 శాతం కంపెనీ వేస్తుంది.

ఈ మాటే సరిహద్దు దాటితే మళ్ళీ మారుతుంది. నెదర్లాండ్స్‌లో రెంటె అంటే బ్యాంకు వడ్డీ. స్వీడన్‌లో రెంటా అన్నా వడ్డీయే. జర్మనీలో చదివి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క మాటకు మూడు అర్థాలు తలలో పెట్టుకోవాలి. లోన్ కాగితం మీద రెంటె కనబడితే పెన్షన్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు.

దుకాణంలో ‘బార్?’ అని అడిగితే నగదు ఇస్తారా అని. స్టేషన్ దగ్గర డబ్బా పట్టుకుని ష్పెండెన్ అంటే ఖర్చుపెట్టమని కాదు, విరాళం ఇమ్మని.

అరగంట దగ్గర గంట పోతుంది

నా లెక్కలో మనవాళ్ళను ఎక్కువ ఇబ్బందిపెట్టేది ఇదే, దీనికి డిక్షనరీ కూడా సాయం చేయదు. హాల్ప్ ద్రై అంటే విడివిడిగా ‘సగం మూడు’. బ్రిటన్‌లో హాఫ్ త్రీ అంటే మూడున్నర. జర్మనీలో అది రెండున్నర: మూడోగంట సగమైందని వాళ్ళ లెక్క. డచ్, స్వీడిష్, డేనిష్‌వాళ్ళదీ ఇదే లెక్క, విడిగా నిలబడింది ఇంగ్లీషు ఒక్కటే. వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్ హాల్ప్ నోయిన్‌కి ఇస్తే ఎనిమిదిన్నరకు అక్కడుండాలి. తొమ్మిదిన్నరకు వెళ్తే తలుపు దగ్గరే తిప్పి పంపుతారు. తూర్పు ప్రాంతాల్లో ఇంకో చిక్కుంది: ఫియర్టెల్ ద్రై అంటే రెండుంబావు. ఎవరైనా నోటితో టైమ్ చెబితే వెంటనే ‘14:30 కదా?’ అని అంకెల్లో తిరిగి అడగండి. అలా అడిగితే అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

ఎవరు, ఎక్కడ కూడా తారుమారే. చెవికి ఇంగ్లీషు వేర్‌లా వినిపించేది జర్మన్‌లో ‘ఎవరు’. వో అంటే ‘ఎక్కడ’. వీ అంటే ‘ఎలా’, కానీ డచ్‌లో అదే వీ అంటే ‘ఎవరు’.

అక్కర్లేదా, కూడదా?

వ్యాకరణం పుస్తకంలో చిన్న గీత కింద దాక్కునే సంగతి ఒకటుంది. ఇంగ్లీషులో మస్ట్ నాట్ అంటే చేయకూడదు. జర్మన్‌లో దానికి అచ్చంగా ఎదురుగా నిలబడే మ్యుస్సెన్ నిష్ట్ అంటే చేయనక్కర్లేదు. కూడదు అనాలంటే వాళ్ళు డ్యుర్ఫెన్ నిష్ట్ వాడతారు. డాక్టర్ ‘జీ మ్యుస్సెన్ నిష్ట్ ఇమ్ బెట్ బ్లైబెన్’ అన్నారంటే మంచంమీదే ఉండాల్సిన పనిలేదని. మంచం దిగాల్సిందే అని కాదు. ఆఫీసులో మేనేజర్ ‘ఈ ఫారం మ్యుస్సెన్ నిష్ట్’ అన్న ధోరణిలో చెబితే నింపినా తప్పులేదు. చిత్రంగా డచ్‌లో మూట్ నీట్ అంటే ఇంగ్లీషువైపే మొగ్గుతుంది, చేయొద్దనే చెబుతుంది.

విల్ కూడా చూసుకోండి. ‘ఇష్ విల్’ అంటే నాకు కావాలి, నేను చేయాలనుకుంటున్నాను. అది భవిష్యత్తు కాదు. ప్రొఫెసర్‌కు మెయిల్‌లో ‘రేపు పంపుతాను’ అనే ఉద్దేశంతో విల్ రాస్తే, ‘పంపాలని ఉంది’ అని మాత్రమే వెళ్తుంది. మాటిచ్చినట్టు ఉండాలంటే వెర్డె రాయాలి. బేకరీలో విల్ అంటే చిన్నపిల్లలు మారాం చేసినట్టుంటుంది, ఇష్ మ్యోష్టె అనడం మర్యాద. అలాగే ‘ఇంజనీర్ అవుతాను’ అనాల్సిన చోట బికమ్ గుర్తొచ్చి బెకోమె అన్నారనుకోండి, ‘నాకో ఇంజనీర్ దొరుకుతాడు’ అని అర్థం. పెళ్ళిచూపుల్లో అయితే సరిపోతుంది.

కాలేజీ మాటలు పెద్దగా హాని చేయవు. హోఖ్‌షూలె హైస్కూల్ కాదు, డిగ్రీలిచ్చే ఉన్నత విద్యాసంస్థ. మీ అడ్మిషన్ లెటర్ అక్కడి నుంచి వస్తే ఇంట్లోవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. గిమ్నాజియుమ్ జిమ్ కాదు, హైస్కూల్. నోటె అంటే మార్కు. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0తో గట్టెక్కుతారు, 5.0 అంటే ఫెయిల్. షెఫ్ అంటే వంటమాస్టర్ కాదు, బాస్. ఏవెంటుయెల్ అని మెయిల్‌లో ఉంటే ‘చివరికి అవుతుంది’ అని సంబరపడకండి, ‘కావచ్చు, కాకపోవచ్చు’ అనే.

జర్మన్ వచ్చాక అసలు ప్రమాదం

రెండేళ్ళయ్యాక జర్మన్ బాగా పట్టుబడుతుంది. అప్పుడు నెదర్లాండ్స్‌కో స్వీడన్‌కో మారితే ఈసారి మోసం చేసేది ఇంగ్లీషు కాదు, జర్మన్. డచ్ సహోద్యోగి సాయంత్రం ‘బెలెన్’ అంటే ఫోన్ చేస్తానని. జర్మన్ చెవికి అది కుక్కలా మొరగడం. ‘మీ అబ్బాయి స్లిమ్’ అంటే డచ్‌లో తెలివైనవాడు, ఇంగ్లీషులో సన్నగా ఉన్నాడు, జర్మన్‌లో ష్లిమ్ అంటే చెడ్డది, దారుణం. ముగ్గురిలో ఎవరు పొగుడుతున్నారో తెలుసుకుని నవ్వాలి.

జే, మేర్ అనే జంట ఇంకా తమాషా. జర్మన్‌లో దెర్ జే అంటే సరస్సు, మేర్ అంటే సముద్రం. డచ్‌లో జే సముద్రం, మేర్ సరస్సు. 1932లో నెదర్లాండ్స్‌వాళ్ళు జౌడర్‌జే అనే సముద్రపు పాయకు అడ్డంగా పెద్ద కట్ట కట్టారు. సముద్రంతో సంబంధం తెగి అది మంచినీటి చెరువైంది కాబట్టి పేరును ఐసెల్‌మేర్‌గా మార్చారు. డచ్ రాని జర్మన్ మ్యాపు చూస్తే చెరువు సముద్రమైందనుకుంటాడు. జర్మన్‌లో ఆర్టికల్ మారినా అర్థం తలకిందులవుతుంది: దెర్ జే సరస్సు, దీ జే సముద్రం. అందుకే ప్రతి నామవాచకాన్నీ ముందున్న దెర్, దీ, దాస్‌తో కలిపే బట్టీపట్టమని టీచర్లు ప్రాణం తీస్తారు.

స్వీడన్‌లో సెమెస్టెర్ అంటే చదువు కాదు, ఉద్యోగులు తీసుకునే సెలవులు. రాతలో ఒకేలా ఉండే ఓల్ జర్మన్‌లో నూనె, స్వీడన్‌లో బీరు. స్వీడిష్‌వాళ్ళు ‘రూలిగ్’ అంటే సరదాగా ఉందని, అదే మాట డేనిష్, నార్వేజియన్‌లో ప్రశాంతమైనదని. జర్మన్ మిటాగ్ మధ్యాహ్నం, స్వీడన్‌వాళ్ళ మిద్దాగ్ రాత్రి భోజనం. పిలిచినవాళ్ళను ఎన్నింటికి రావాలో అంకెల్లో అడిగి కనుక్కోండి.

ఇంకో చిన్న పని ఇప్పుడే చేసేయండి. ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి, భాషను దానంతట అదే గుర్తుపట్టే సెట్టింగ్ తీసేసి, జర్మన్ నుంచి ఇంగ్లీషుకు అని చేత్తో పెట్టండి. గిఫ్ట్, నోట్, బ్రాండ్ లాంటి ఒంటరి మాటను కెమెరాకు చూపిస్తే యాప్ కూడా అది ఇంగ్లీషే అనుకుని, ఉన్న మాటను ఉన్నట్టే తిరిగి చూపించే అవకాశం ఉంది. జర్మన్ ప్యాక్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకుని పెట్టుకుంటే సిమ్ యాక్టివేట్ అయ్యేదాకా అదే ఆధారం.