తుపాకీ మందు తూచే మిషన్ కొంటున్నారా? సీజను రాకముందే చూసుకోవాల్సినవి

విజయవాడ వన్‌ టౌన్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా బంగారం కాటాలు బాగుచేసినవాణ్ణి. తుపాకీతో నాకేం పని? పని మా అల్లుడు గారి వల్ల పడింది. ఆయన డాలస్ దగ్గర ఉంటారు. టెక్సాస్‌లో తుపాకీతో జింకల మామూలు వేట సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అక్కడ చాలామంది పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి డొల్లల్లో (వాటినే కేసులంటారు) మళ్లీ ప్రైమరు (దెబ్బ తగిలితే మందుకి నిప్పంటించే చిన్న మూత), మందు, బుల్లెట్ పెట్టుకుని తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటారు. దాన్నే రీలోడింగ్ అంటారు. అక్టోబరు వచ్చిందంటే అందరికీ తొందర. ఆ తొందరలోనే మందు దానంతటదే తూచి పోసే మిషన్లు కొంటారు. మా అల్లుడు గారు కూడా అలాగే కొన్నారు. నిరుడు నేను అక్కడున్న నాలుగు నెలల్లో చూసినవి, ఆ తర్వాత ఫోన్‌లో మాట్లాడుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. ఇది మన ఊళ్లో ప్రయత్నించే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా కూడా పడొచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మెలిక ఉంది. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. మన అవసరానికి చేసుకుంటే ఫర్వాలేదు గానీ, స్నేహితులకు అమ్మడం మొదలుపెడితే తయారీ లైసెన్సు కావాలి. ఇవన్నీ తేల్చుకున్నాకే మిషన్ సంగతి.

అక్కడ మందు తూకం గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. ఆ మాట వినగానే నాకు పాత చుట్టం కనిపించినట్టయింది. ఇంగ్లీషువాళ్లు మన తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు కదా, అదే గ్రెయిను. ఒక గ్రెయిను దాదాపు 65 మిల్లీగ్రాములు. మామూలు మిషన్లు అందులో పదో వంతు దాకా చూపిస్తాయి, అంటే ఆరున్నర మిల్లీ. బంగారం కొట్టుకి పనికొచ్చే లెక్క. కానీ ఈ పదో వంతు అన్ని తూటాలకీ ఒకటి కాదు. రైఫిల్ కేసులో 42 గ్రెయిన్లు పోస్తుంటే పదో వంతు తేడా పావు శాతం కూడా ఉండదు. పిస్టల్ కేసులో 4 గ్రెయిన్లు పోస్తుంటే అదే తేడా రెండున్నర శాతం. అందుకని కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత వేగంగా పోస్తుంది’ అని కాదు, ‘నేను పోసే బరువు దగ్గర ఎంత నిలకడగా చూపిస్తుంది’ అని.

మిషన్ అంటే ఒక కాటా, దానికి మందు అందించే ఒక గొట్టం. గొట్టం ఎవరైనా చేస్తారు. డబ్బు పెట్టాల్సింది కాటా మీద. ఆర్‌సీబీఎస్, హార్నడీ, లైమన్ కంపెనీల మామూలు మోడళ్లలో ఉండేది లోడ్‌ సెల్, మన కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో ఉండే జాతే. వేడికీ గాలికీ దాని అంకె కొంచెం కొంచెంగా జరుగుతుంది. దూరం గురిపెట్టే పోటీల వాళ్లు అయస్కాంత బలంతో తూచే ల్యాబ్ కాటా కొని, దానికి విడిగా మందు పోసే పరికరం తగిలించుకుంటారు. ఏ అండ్ డీ వాళ్ల ఎఫ్‌ఎక్స్‌-120ఐ అలాంటిదే, ఒక మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. ఏడాదికి రెండు జింకలు కొట్టేవాడికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం. మా అల్లుడు గారు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆయన మిషన్ గ్యారేజీలో బల్ల మీద ఉంది. సరిగ్గా దాని నెత్తిన ఏసీ గాలి వచ్చే కన్నం. ఒకసారి 41.9, ఇంకోసారి 42.1, అంకె నిలవట్లేదు. “ఏసీ కట్టెయ్యండి బాబూ” అన్నాను. “మామయ్య గారూ, ఇన్ని డాలర్లు పోసి కొన్నాం, గాలికి కదులుతుందా!” అని నవ్వారు. మన బంగారం కొట్లలో కాటాని గాజు పెట్టెలో పెట్టి, ఫ్యాన్ కట్టేసి మరీ తూస్తారు. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి అగరుబత్తి వెలిగిద్దామనుకుని, అక్కడున్నదేమిటో గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాను. కండువా అంచు దారం ఒకటి పీకి మిషన్ పైన పట్టుకుంటే ఊగింది. ఏసీ కట్టాక అంకె కుదురుకుంది. ట్యూబులైట్లు, సెల్‌ఫోన్లు కూడా కొన్ని కాటాలను తికమకపెడతాయి, వాటిని దూరంగా పెట్టండి. బల్ల మట్టసంగా, కదలకుండా ఉండాలి. స్విచ్ వేశాక అరగంట వెచ్చబడనిచ్చి, అప్పుడే సున్నా చేయాలి.

మిషన్‌తో ఇచ్చే తూకం రాయి సాధారణంగా 50 గ్రాములది. అంటే 770 గ్రెయిన్ల పైమాటే. మనం తూచేది 4 గానీ 42 గానీ. బస్తా కాటాతో ముక్కుపుడక తూచి ‘సరిగానే ఉంది’ అన్నట్టుంటుంది. చిన్న రాళ్లు విడిగా కొనుక్కోండి. 2 గ్రాముల రాయి పెడితే 30.9 చూపించాలి, 1 గ్రాముది 15.4, 200 మిల్లీది 3.1. పని మొదట్లో ఒకసారి, ప్రతి ఇరవై కేసులకూ ఒకసారి పెట్టి చూడండి. ఇంకో సులువు ఉంది. సున్నా చేశాక ఖాళీ పళ్లెం ఎత్తితే మైనస్‌లో ఒక అంకె వస్తుంది. దాన్ని గోడ మీద రాసి పెట్టుకోండి. ఎప్పుడు ఎత్తినా అదే రావాలి. మారిందంటే సున్నా జారిందన్నమాట. కరెంటు అక్కర్లేని పాత దండె త్రాసు ఒకటి పక్కన ఉంటే మరీ మంచిది.

కాటా పనివాడిగా నన్ను ఎక్కువ భయపెట్టేవి రెండు. ఒకటి, చాలా ఎలక్ట్రానిక్ కాటాలు సున్నా దగ్గర సన్నటి జరుగుళ్లని వాటంతటవే సర్దేసుకుంటాయి. ఖాళీ పళ్లెంలో చేత్తో ఒక్కో పలుకే రాలుస్తూ పోతే, అది బరువని గుర్తించక మింగేస్తుంది. తెర మీద కనబడేదానికంటే పళ్లెంలో ఎక్కువ ఉంటుంది. అనుమానం వస్తే పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టండి. రెండోది యూనిట్ బటన్. చెయ్యి తగిలి గ్రెయిన్లు కాస్తా గ్రాములయితే, 4 అని కొట్టినచోట దాదాపు 62 గ్రెయిన్లు పడతాయి. అందుకే ఆ బటన్ ఒత్తినా మారకుండా లాక్ చేసే వీలున్న మోడల్ దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే కొనండి.

ఎంత మందు పోయాలన్నది మందు కంపెనీ అచ్చువేసిన పట్టికలోంచే తీసుకోవాలి. నేను గానీ, మీ ఫ్రెండు గానీ చెప్పకూడదు. పట్టికలో ఉన్న మొదటి అంకెతోనే, అంటే అన్నిటికంటే తక్కువదానితోనే, మొదలుపెట్టాలి. పోసిన కేసులన్నీ బ్లాకులో (కన్నాలున్న దిమ్మలో) నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి వరసగా లోపలికి చూడాలి. ఒకదాంట్లో రెండుసార్లు పోస్తే అక్కడే బయటపడుతుంది. మిషన్ తూచి పెడుతుంది గానీ, ఏ కేసులో పోశామో దానికి తెలియదు.

నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్), అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన మన దీపావళి జాతి మందు, ఈ కరెంటు మిషన్లలో పోయనే కూడదు. చిన్న నిప్పురవ్వ చాలు దానికి. ఈ మిషన్లలో పోసే పొగరాని మందు (స్మోక్‌లెస్ పౌడర్) బయట పేలకుండా మండుతుంది, అయినా నిప్పు నిప్పే. అక్కడి అగ్నిమాపక నియమాల ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా దాని అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, దాటితే అంగుళం మందం చెక్కపెట్టె కావాలి. కిందపడితే చీపురు, చేట. వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు. ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి ఆ బల్ల దగ్గర కాఫీ కప్పు కూడా పెట్టనివ్వకండి.

పని అయ్యాక మిషన్ పైన మందు పోసే డబ్బాలో మందు వదిలేస్తే కొన్ని రకాలు దాని ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. అంతకంటే ముఖ్యం, వారం తర్వాత అది ఏ మందో గుర్తుండదు. కొనేటప్పుడు ఖాళీచేసే తలుపు ఎక్కడుందో, గొట్టం విప్పడానికి వస్తుందో లేదో చూడండి. మా అల్లుడు గారు “మొత్తం తీసేశాను” అన్నాక నేను కింద తెల్లకాగితం పరిచి గొట్టాన్ని పెన్సిల్‌తో తట్టాను. ఆవాల్లా పదిహేను ఇరవై గింజలు రాలాయి, వాటిలో రెండు రంగులున్నాయి. గత వారం వాడిన మందు ఇంకా అందులోనే ఉందన్నమాట. కలిసిపోయినదాన్ని ఏ డబ్బాలోనూ తిరిగి పోయకూడదు. ఆ కాస్తనీ పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేద్దామని బయటికి నడిచారు. అమ్మాయి వంటింటి కిటికీలోంచి కేకేసింది: “గోంగూర మడి వైపు మాత్రం వద్దండీ!”